మండని మందు

మా ఆయన లెక్కలో మండనిది మందే కాదు.

ఆయనకు రెండు కుర్చీల సెలూన్ ఉంది. మొదటి కుర్చీ గుమ్మం పక్కన, కిటికీ వెలుగు నేరుగా మొహం మీద పడేచోట ఉంటుంది. అది ఆయనది. రెండోది లోపల గోడవారగా, పట్టపగలు కూడా లైటు వేసుకుంటే తప్ప చెవి ఎక్కడుందో తెలియనిచోట. అది మా తమ్ముడిది. గడ్డం గీయడం అయ్యాక ఆయన ఘాటైన లోషన్ అరచేతుల్లో పోసుకుని, కూర్చున్న మనిషి రెండు చెంపల మీదా చరిచేవాడు. ఆ మనిషి కళ్ళు మూసుకుని ఉస్సంటే, "ఇదీ గడ్డం గీయడమంటే" అనేవాడు. ఎక్కడైనా కాస్త తెగితే పటిక రాయి తడిపి రుద్దేవాడు. చురుక్కుమంటే పనిచేసినట్టు, లేకపోతే ఉత్త నీళ్ళు చల్లినట్టు.

మాట తీరు కూడా అదే. జుట్టు పలచబడ్డ మనిషి వచ్చి కూర్చుంటే, "ఇంకో ఏడాది ఆగి రావలసింది, తడిగుడ్డతో తుడిస్తే సరిపోయేది" అనేవాడు. వాళ్ళు నవ్వుకుంటూ వెళ్ళి, మళ్ళీ ఆయన దగ్గరికే వచ్చేవాళ్ళు. ఇంట్లో నన్ను, "ఉప్పు పక్కింటి కూరలో వేసి వచ్చావా?" అంటే మాత్రం నాకు నవ్వు వచ్చేది కాదు. కొత్తలో ఏడుపు వచ్చేది. పోనుపోను అదీ మానేసింది.

ఆ ఎండాకాలం ఆయన చేతులు పాడయ్యాయి.

జుట్టుకు వేసే రంగు పడకపోవడం వల్ల అని తర్వాత తెలిసింది. మొదట వేళ్ళ సందుల్లో దురద, తర్వాత ఎరుపు. ఆ తర్వాత కణుపుల దగ్గర చర్మం పగిలి, పిడికిలి మూస్తే చెమ్మ కారేది. దానికి ఆయన చేసుకున్న వైద్యమేమిటో వేరే చెప్పనక్కర్లేదు. చెంపలకు కొట్టే లోషనే చేతులకూ పోసుకున్నాడు. పళ్ళు బిగబట్టి, "చచ్చుంటాయి" అన్నాడు, క్రిముల్ని ఉద్దేశించి. చచ్చింది చర్మం.

ఒకరోజు మధ్యాహ్నం, షాపు నిండా జనం ఉన్న వేళ, ఆయన లెక్కల మాస్టారికి గడ్డం గీస్తున్నాడట. ఒక చెంప అయింది. రెండో చెంప మొదలుపెట్టగానే మాస్టారి మెడ కింద కట్టిన తెల్లగుడ్డ మీద రక్తపు చుక్క పడింది. పాపం ఆ పెద్దమనిషి తన గొంతే తెగిందనుకుని పట్టుకుని లేచాడు. అద్దంలో అటూ ఇటూ చూసుకున్నాడు. తనకేమీ కాలేదు. అప్పుడు మా ఆయన చేతుల వైపు చూశాడు. గుడ్డ విప్పి, మడిచి, కుర్చీలో పెట్టి, ఒక చెంప నురగతోనే నడుచుకుంటూ వెళ్ళిపోయాడు.

ఇదంతా నాకు తమ్ముడు చెప్పాడు. ఆయన ఎండన పడి ఇంటికొచ్చి అన్న మాట ఒక్కటే, "అన్నం పెట్టు" అని. పెట్టాను. చేత్తో తినలేడని చెంచా ఇచ్చాను. చెంచా కూడా వేళ్ళ మధ్య నిలవలేదు. రెండుసార్లు జారాక దాన్ని కంచంలో వదిలేసి గోడ వైపు చూస్తూ కూర్చున్నాడు. నేను పక్కన కూర్చుని తినిపించాను. ఆ రోజు కూరలో ఉప్పు నిజంగానే మర్చిపోయాను. ఆయన ఏమీ అనకుండా తిన్నాడు. అప్పుడు నాకు భయమేసింది.

డాక్టరమ్మ మాకంటే బాగా చిన్నది. ఆయన చేతుల్ని ఇటూ అటూ తిప్పి చూసి, రంగు, లోషను, సబ్బు అన్నీ బందు చేయమంది. "ఈ చర్మం ఇప్పుడు గోడ కూలిన ఇల్లులాంటిదండీ. ఎవరు పడితే వాళ్ళు లోపలికొస్తారు. మీరు బాధ పెట్టడం ఆపితే గోడ అదే కట్టుకుంటుంది" అంది. ఓట్స్‌తో చేసిన తెల్లటి క్రీము ఒక డబ్బా ఇచ్చింది. దానికి వాసన లేదు, రంగు లేదు. రోజూ ఓట్స్‌ని మెత్తటి పిండిగా పట్టి, చల్లటి నీళ్ళలో కలిపి, అందులో చేతులు ముంచి ఉంచాలట. తీశాక తువ్వాలుతో రుద్దకుండా అద్ది, ఇంకా చెమ్మగా ఉండగానే క్రీము రాయాలట.

"అంతేనా?" అన్నాడాయన.

"అంతేనండి."

"మంటెత్తేది ఏదీ లేదా?"

డాక్టరమ్మ నవ్వింది. ఆయన నవ్వలేదు.

"వానలు మొదలయ్యేలోపు చర్మం మూసుకుంటే కత్తి పట్టుకోండి. రంగు జోలికి మాత్రం ఎప్పటికీ వెళ్ళొద్దు. మూసుకోకపోతే ఇక ఈ పని మార్చుకోవడమే" అంది ఆవిడ.

ఇంటికొచ్చాం. గుమ్మం దగ్గర చెప్పులు విడుస్తూ, "గుర్రాలకు పెట్టే దాణా రాసిచ్చింది నాకు" అన్నాడు.

"గుర్రం లేచి నిలబడితే చాలు లెండి" అన్నాను. నవ్వుతాడనుకున్నాను. లోపలికి వెళ్ళిపోయాడు.

పిండి పట్టడం తేలికే అనుకున్నాను. మొదటిసారి మిక్సీలో తిప్పి నీళ్ళలో వేస్తే ఇసుకలా అడుక్కి చేరింది. మళ్ళీ తిప్పి, జల్లించి, జల్లెడలో మిగిలింది మళ్ళీ తిప్పితే, అప్పుడు నీళ్ళు పాలలా తెల్లబడ్డాయి. వేలు ముంచితే జారుడుగా, మెత్తగా తగిలింది. నాకే ప్రాణం లేచొచ్చింది. ఆయన గిన్నెలో చేతులు పెట్టుకుని, శిక్ష వేసిన బడిపిల్లాడిలా కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చునేవాడు.

"ఎలా ఉంది?" అని అడిగేదాన్ని.

"ఎలా ఉంటుంది? ఏమీ లేనట్టుంది."

"చల్లగా, హాయిగా లేదూ?"

"హాయికీ మందుకీ ఏం సంబంధమే?"

క్రీము మాత్రం నన్ను రాయనిచ్చేవాడు కాదు. ఒక చేత్తో రెండో చేతికి తనే రాసుకునేవాడు. "ఈ ఒక్క పనైనా చేసుకోనీ" అనేవాడు. సరేనన్నాను. మిగతావన్నీ ఎలాగూ నా నెత్తినే పడ్డాయి. చొక్కా బొత్తాలు పెట్టడం, తల రుద్దడం, కుళాయి తిప్పడం, చివరికి ఆయన గడ్డం గీయడం కూడా. ఊరందరికీ గడ్డాలు గీసిన మనిషి నా ముందు మొహం ఎత్తిపెట్టి, "కత్తి పట్టుకున్నావా, గరిటె పట్టుకున్నావా?" అనేవాడు. నేను కత్తి ఆపేసి, "మిగతా సగం మాస్టారిలా వదిలేయమంటారా?" అంటే ఊరుకునేవాడు.

వీటన్నిటి మీదకీ తువ్వాళ్ళ పని వచ్చి పడింది. అంతకు ముందు షాపు తువ్వాళ్ళు ఆయనే వెనక గదిలో ఉతికి ఆరేసుకునేవాడు. ఇప్పుడక్కడ తమ్ముడొక్కడే. వాడు బావ మీద గౌరవంతో మొదటి కుర్చీకి గుడ్డ కప్పి, లోపలి కుర్చీలోనే పనిచేస్తున్నాడు. వెలుగు చాలక ఒక్కో గడ్డానికి రెట్టింపు సమయం పడుతోంది, బెంచీ మీద జనం గొణుగుతున్నారు. వాడికి ఉతికే తీరికెక్కడిది? రోజూ సాయంత్రం మూట కట్టి మా ఇంట్లో పడేసేవాడు. గోరుచుట్టు మీద రోకటిపోటులా, ఆ తువ్వాళ్ళకు అంటిన వెంట్రుకలు చుట్టుకుని మా వాషింగ్ మెషిన్ మొదట్లోనే మూలపడింది. విప్పి చూసిన మెకానిక్ లోపల్నుంచి గుప్పెడు జుట్టు లాగి, "ఎవరిదండీ ఇదంతా?" అన్నాడు. వీధి వీధంతటిదీ అని చెప్పాను.

ఇక చేత్తోనే ఉతకడం. వేడినీళ్ళు, బ్లీచింగ్ పొడి, సబ్బు. జనం మొహాలు తుడిచే గుడ్డలు కదా, ఊరికే జాడిస్తే కుదరదు. అలసట మరీ ముదిరితే నిద్ర కూడా దగ్గరికి రాదని ఆ ఎండాకాలమే తెలిసింది నాకు. ఎవరి మీదా కోపం కూడా వచ్చేది కాదు. కోపానికీ ఓపిక ఉండాలి.

సాయంత్రాలు ఆయన షాపుకి వెళ్ళి, గుడ్డ తీసి, తన కుర్చీలో తనే కూర్చునేవాడు. చేతులు ఒళ్ళో పెట్టుకుని, అద్దంలోంచి తమ్ముడి పనిని కనిపెడుతూ ఉండేవాడు.

"చెవి పక్కన ఎక్కువ తీశావు."

"ఆయన అడిగిందే అంత, బావా."

"అడిగేవాడికీ తెలీదు, తీసేవాడికీ తెలీదు. షాపు బాగుపడ్డట్టే."

తమ్ముడు ఓర్పున్నవాడు. మూట తెచ్చినప్పుడు నాతో అనేవాడు. "చేతులకైతే మందిచ్చిందిగా డాక్టరమ్మ. ఈసారి వెళ్ళినప్పుడు నోటికి కూడా ఏమైనా ఉందేమో కనుక్కో అక్కా."

"ఉంటే నేను ఎప్పుడో తెచ్చేదాన్ని కాదూ" అనేదాన్ని.

మొదట్లో మందు గుణం కనిపించింది. వేళ్ళ సందుల్లో ఎరుపు తగ్గింది. చెంచా పట్టుకోగలిగాడు. ఇక పరవాలేదు అనుకుంటున్న సమయంలో, షాపులో ఎవరో పాత మనిషి, "కుర్రాడి చెయ్యి తేలిక, పెద్దాయన కంటే ఇదే బాగుంది" అన్నాడట. ఆయన వింటుండగానే. ఆ రోజు ఇంటికొచ్చి భోజనం చేయలేదు. చేతులు చాపి వాటి వైపే చూసుకుంటూ, "వానలు ఇంకెంత దూరంలో ఉన్నాయే?" అని అడిగాడు. ఆ కుర్చీ పోతే తనకి ఇంకేమీ మిగలదన్నట్టు ఉంది ఆ అడగడం. నాకు జాలేసింది.

ఆ తర్వాతే చేతులు మళ్ళీ ఎర్రబడ్డాయి. మానుతున్న పగుళ్ళు విచ్చుకున్నాయి. నాకు కాళ్ళూ చేతులూ ఆడలేదు. పిండి బరకగా ఉందేమోనని పల్చటి గుడ్డలో వేసి జల్లించాను. నీళ్ళలో ఏదైనా ఉందేమోనని కాచి చల్లార్చి పోశాను. గిన్నె మార్చాను. ఏం చేసినా నా చేతిలోనే ఏదో లోపం ఉన్నట్టు అనిపించేది. విచిత్రమేమిటంటే ఆయన మాత్రం హుషారుగా ఉన్నాడు. క్రీము రాసుకుని, కళ్ళు మూసుకుని, గట్టిగా ఊపిరి పీల్చి, "ఇప్పుడు పడుతోంది పట్టు" అనేవాడు. నన్ను ధైర్యంగా ఉంచడానికే అంటున్నాడనుకున్నాను.

మళ్ళీ డాక్టరమ్మ దగ్గరికి వెళితే ఆవిడ చూసి నుదురు ముడిచింది. "ఇంకేమైనా రాస్తున్నారా?" అంది.

"ఏమీ లేదు" అన్నాడాయన.

"ఏమీ లేదండీ, నేను దగ్గరుండి చూసుకుంటున్నాను" అన్నాను నేను, ఒట్టేసినంత నమ్మకంగా.

"ఇలాగే ఉంటే మాత్రం కష్టం" అని ఇంకో డబ్బా ఇచ్చింది.

వాన ముందు ఉక్క పట్టుకుంది. ఒక మధ్యాహ్నం ఆయన లోపలి గదిలో పడుకున్నాడు. నేను తువ్వాళ్ళు పిండుతున్నాను. తెల్లటి తువ్వాలు మీద సన్నటి ఎర్ర గీత కనిపించింది. ఎవరి గడ్డమో తెగినట్టుంది, మరక సరిగ్గా వదల్లేదు అనుకుని మళ్ళీ సబ్బు పెట్టాను. పిండితే ఇంకో గీత. అప్పుడు చూసుకున్నాను. అది నా చెయ్యి. బొటనవేలి మొదట్లో చర్మం విచ్చుకుని ఉంది. రెండు అరచేతులూ ఎండిన చెరువు అడుగులా ఉన్నాయి. నొప్పి ఎప్పటి నుంచో ఉంది. నొప్పిని నొప్పి అనుకునే తీరిక లేకపోయింది, అంతే.

కిటికీ గట్టు మీద ఆయన డబ్బా ఉంది. ఆయన మందు కదా, తీసుకోవచ్చో లేదో అని ఒక్క క్షణం ఆలోచించాను. సొంత ఇంట్లో దొంగలా మూత తీసి, కాస్త తీసుకుని, రెండు చేతులకీ రాసుకున్నాను.

మొదట చల్లగానే ఉంది. ఆ తర్వాత పుండు మీద కారం చల్లినట్టయింది. నాకు తెలియకుండానే అరిచాను. పరుగెత్తి కుళాయి కింద చేతులు పెట్టాను. మంట కాస్త తగ్గాక డబ్బాలో వేలు పెట్టి, ఆ క్రీముని రెండు వేళ్ళ మధ్య నలిపి చూశాను. సన్నటి ఉప్పులాంటి పలుకు తగిలింది. నాలుక చివర పెట్టుకుంటే వగరు. సెలూన్ మనిషి పెళ్ళాన్ని, పటిక రుచి తెలియదా నాకు.

తల తిప్పేసరికి ఆయన గది గుమ్మంలో నిలబడి ఉన్నాడు.

"ఎన్నాళ్ళ నుంచి?" అన్నాను.

ఆయన బుకాయించలేదు. "అది ఏమీ చేయట్లేదే. రాసినా రాయనట్టే ఉంటుంది. అందుకే కాస్త పటిక దంచి కలిపాను. లోషనైతే నీకు వాసన తెలిసిపోతుంది."

"కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందని ఊరికే అన్నారా" అన్నాను. ఇంకా చాలా అందామనుకున్నాను. వచ్చింది ఇదొక్కటే. "నేను పిండి గుడ్డలో వేసి జల్లించాను. నా వల్లే తగ్గట్లేదనుకున్నాను."

ఆయన వచ్చి డబ్బాకి మూత పెట్టాడు. తర్వాత నెమ్మదిగా, "మండితే పనిచేస్తోందన్న ధైర్యం ఉంటుంది. ఏమీ అనిపించకపోతే ఈ చేతులు ఇక నావి కావేమోనని భయమేస్తుంది" అన్నాడు. అంత సూటిగా ఆయన భయం గురించి మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు. ఆ వెంటనే, "ఇంతకీ నువ్వెందుకు రాసుకున్నావు?" అన్నాడు.

నేను చేతులు చాపాను.

గడ్డానికి వచ్చినవాళ్ళ చెంప మీద చెయ్యి వేసి ఈ మనిషికి రాత్రి నిద్ర లేదని చెప్పగలిగేవాడాయన. ఆ ఎండాకాలమంతా నా చేత్తో తిన్నాడు, నా చేత్తో తల రుద్దించుకున్నాడు, ఆ చేతుల వైపు మాత్రం చూడలేదు. నేనూ చూపించలేదనుకోండి. నన్ను కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి, వెలుగులో నా అరచేతుల్ని తిప్పి తిప్పి చూశాడు, గడ్డం గీసే ముందు మొహం తిప్పి చూసినట్టు. చాలాసేపు చూశాడు. ఏదో ఒక చురక వేస్తాడని ఎదురుచూశాను. చెప్పులు వేసుకుని బయటికి వెళ్ళిపోయాడు.

ఒక్క మాటైనా అనకుండా వెళ్ళాడే అని నాకు పటిక మంట కంటే అదే ఎక్కువ మండింది. మిగిలిన తువ్వాళ్ళు అలాగే పిండి ఆరేశాను.

ఆ సాయంత్రం మూట రాలేదు. మర్నాడూ రాలేదు. ఆయన వస్తున్నాడు, పోతున్నాడు, నేను అడగడం లేదు. మూడోనాడు కూడా రాకపోయేసరికి తమ్ముడికి ఒంట్లో బాగాలేదేమోనని కంగారుపడి నేనే షాపుకి వెళ్ళాను. ఆకాశం బాగా కమ్మి ఉంది.

మొదటి కుర్చీ మీద గుడ్డ లేదు. అందులో లెక్కల మాస్టారు మొహమంతా నురగతో కూర్చుని ఉన్నారు. తమ్ముడు కిటికీ వెలుగులో ఆయనకు గడ్డం గీస్తున్నాడు. వెనక గది తలుపు తీసి ఉంది. లోపల తీగల మీద తువ్వాళ్ళు వరసగా ఆరుతున్నాయి.

"ఇదేమిట్రా?" అన్నాను.

తమ్ముడు కత్తి దించాడు. "బావ ఇచ్చేశాడక్కా, ఈ కుర్చీ. వెలుగులో చేస్తే పని తొందరగా అవుతుంది, మిగిలిన టైములో తువ్వాళ్ళు నువ్వే ఉతుకు అన్నాడు. ఇక ఒక్క తువ్వాలు ఇంటికి పంపినా కాళ్ళు విరగ్గొడతానన్నాడు."

"మరి చేతులు తగ్గాక?"

"నేనూ అదే అడిగాను. తగ్గాక లోపలి కుర్చీ తనదేనట. తనకు చీకట్లో కూడా గడ్డం కనిపిస్తుందట, నాకు పట్టపగలే కనిపించదట." వాడు నవ్వబోయి ఆగిపోయాడు. "నీకు చెప్పలేదా?"

చెప్పలేదు. ఆ కుర్చీ కోసం మానుతున్న పుళ్ళలో తన చేత్తో తనే పటిక పోసుకున్న మనిషి, దాన్ని అలా ఇచ్చేసి, ఇంటికొచ్చి ఏమీ జరగనట్టు కూర్చున్నాడు. మాస్టారు నురగ మొహంతోనే బెంచీ వైపు చూపించి, "కూర్చోమ్మా" అన్నారు. కూర్చోలేదు. ఇంటికి వచ్చేశాను.

ఆయన కిటికీ దగ్గర కూర్చుని ఉన్నాడు. గట్టు మీద కొత్త డబ్బాలు రెండున్నాయి.

"డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళారా?"

"ఊఁ. పటిక సంగతి చెప్పేశాను."

"తిట్టిందా?"

"మెత్తగానే తిట్టింది. అదీ తగులుతుందే, నాకు తెలీదు." ఆయన తన చేతుల వైపు చూసుకున్నాడు. "తగ్గుతుందంది. ఈ వానలకి కాదు. పై చలికాలానికి కత్తి పట్టుకోవచ్చంది, బుద్ధిగా ఉంటే."

"మరి రెండెందుకు?"

"ఒకటి నీది. నీ చేతులు నావాటికంటే అన్యాయంగా ఉన్నాయంది."

"నా చేతులు ఆవిడెప్పుడు చూసింది?"

"నేను చెప్పాను." ఆయన నా మొహం వైపు చూడలేదు. "కుడి బొటనవేలి మొదట్లో విచ్చుకుంది, చూపుడువేలి రెండో గణుపు దగ్గర అడ్డంగా పగిలింది, ఎడమ అరచేతిలో చిటికెన వేలి కింద మూడు గీతలు కలిసిపోయాయి. ఏది ఎక్కడుందో మొత్తం చెప్పాను."

నేను ఎదురుగా కూర్చున్నాను. ఆయన మూత తీశాడు. వంగని వేళ్ళతోనే కాస్త క్రీము తీసి, నా బొటనవేలి దగ్గర మొదలుపెట్టాడు. చరచలేదు, రుద్దలేదు. అలవాటు లేని పని కదా, ఒక్కోచోట ఎక్కువ పడుతోంది, ఒక్కోచోట అసలు అంటడం లేదు. బయట వాన మొదలైంది.

"మండుతోందా?" అన్నాడు.

"లేదు."

"మరెందుకా కన్నీళ్ళు?"

"అలవాటు లేదు" అన్నాను.

ఆయన రెండో చెయ్యి తీసుకున్నాడు.

తలుపు మీద దబదబా చప్పుడైంది. "అక్కా, తడిసిపోతున్నాను, తలుపు తియ్యి" అని తమ్ముడి గొంతు.

నేను లేవబోయాను. నా రెండు చేతులూ ఆయన రెండు చేతుల్లో ఉన్నాయి. నాలుగూ జిడ్డే, గొళ్ళెం పట్టుకున్నా జారిపోతుంది. ఆయన నన్ను వదల్లేదు.

"కాసేపు తడవరా" అన్నాడు తలుపు వైపు చూడకుండానే. "ఇంట్లో ఎవరి చేతులూ ఖాళీగా లేవు."